కరెంటుకు దారి చూపిన సంఘ పెద్ద

పోయిన వేసవిలో ఒక ఆదివారం, ఆరాధన సగంలో ఉండగా పిట్టలవానిపాలెంలోని మా మందిరంలో కరెంటు పోయింది. ఇన్వర్టరు అందుకుంది. కానీ ఫ్యాన్లు నాలుగు చుట్లు తిరిగి ఆగిపోయాయి, మైకు గురగురమని మూగబోయింది. బ్యాటరీ చచ్చిపోయిందనీ కొత్తది కొనక తప్పదనీ పెద్దలు తేల్చేశారు. కోత డబ్బులు చేతికి రాని రోజులవి, కానుకల పెట్టె కూడా అంతంత మాత్రంగానే ఉంది. ఆరాధన అయ్యాక సీనియర్ ఇంటర్ చదువుతున్న కుర్రాడొకడు ఇంటికెళ్లి మీటరు తెచ్చాడు. బ్యాటరీ రెండు కొసల మధ్య పెట్టి చూస్తే పన్నెండు వోల్టుల పైనే చూపించింది. ఫ్యాను వేసి, ఈసారి బ్యాటరీ కొమ్ముకూ దానికి బిగించిన క్లాంపుకూ మధ్య పెట్టి చూశాడు. సున్నా చూపించవలసిన చోట మూడు నాలుగు వోల్టులు కనిపించాయి. కొమ్ము చుట్టూ తెల్లగా, పచ్చగా బూజులాంటిది పట్టి ఉంది. అంతా ఆపి, వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, గరుకు కాగితంతో రుద్ది గట్టిగా బిగించాడు. ఫ్యాన్లు తిరిగాయి. మైకు పలికింది.

పైసా ఖర్చు లేదు. బ్యాటరీలో శక్తి ఉంది, ఫ్యానులో లోపం లేదు, మధ్యలో అతుకు దగ్గర అడ్డు పడింది. విద్యుత్తు ప్రవహించకుండా ఊరుకున్నంత సేపూ ఆ అడ్డు మీటరుకు కనిపించదు. ప్రవాహం మొదలైనప్పుడే, ప్రవాహాన్ని నిరోధంతో గుణిస్తే ఎంత వస్తుందో అన్ని వోల్టులను అది మింగేస్తుంది. దీన్నే పాఠ్యపుస్తకంలో ఓమ్ నియమం అంటారని కుర్రాడు నాకు నచ్చజెప్పాడు. తరువాత ఇంకొక మాట అడిగాడు. వీటన్నిటినీ కనిపెట్టినవాళ్లు దేవుణ్ణి నమ్మినవాళ్లేనా, లేక చదువు పెరిగేకొద్దీ మానేశారా అని. కాలేజీలో ఎవరో ఏదో అన్నట్టున్నారు.

నాకు వెంటనే మైఖేల్ ఫారడే గుర్తుకొచ్చారు. ఎప్పుడూ చెప్పే కథ చెప్పాను. అంత గొప్ప శాస్త్రవేత్త లండనులో ఒక చిన్న సంఘానికి పెద్దగా ఉండేవారనీ, విక్టోరియా మహారాణి ఒక ఆదివారం విందుకు పిలిస్తే వెళ్లి ఆరాధన తప్పినందుకు సంఘం ఆయనను వెలివేసిందనీ, ఆయన తగ్గించుకుని తిరిగి చేరారనీ. పాతికేళ్లుగా ఈ కథను ప్రసంగాల్లో వాడుతున్నాను. కుర్రాడు వెళ్లిపోయాక ఎందుకో అనుమానం వచ్చి, ఆయన జీవితాన్ని మళ్లీ శ్రద్ధగా చదివాను. ఆ కథ సంగతి తరువాత చెబుతాను. ముందు మనిషిని చూద్దాం.

ఫారడే 1791 సెప్టెంబరు 22న లండను పక్కనే ఉన్న న్యూవింగ్టన్ బట్స్‌లో పుట్టారు. తండ్రి జేమ్స్ కమ్మరి. వెస్ట్‌మర్లండు పల్లె నుంచి బతుకుదెరువుకు వచ్చినవాడు, తరచూ జబ్బుపడేవాడు. తల్లి మార్గరెట్. నలుగురు పిల్లల్లో మైఖేల్ మూడోవాడు. 1801లో ధాన్యం ధరలు మండిపోయినప్పుడు తల్లి ఆ పిల్లవాడి చేతికి ఒక రొట్టె ఇచ్చేది, వారమంతా దానితోనే గడుపుకోవాలి. చదువు అంతంత మాత్రం, కూడికలు, తీసివేతలు, చదవడం, రాయడం వరకే. చిన్నప్పుడు నాలుక సరిగా తిరగక అన్న పేరు పలకలేకపోతే, కొట్టడానికి బెత్తం కొనుక్కురమ్మని పంతులమ్మ ఆ అన్ననే పంపిందనీ, అన్న ఆ డబ్బు గోడవతలికి విసిరేసి ఇంటికెళ్లి తల్లికి చెబితే ఆమె ఇద్దరినీ బడి మానిపించిందనీ చెబుతారు.

ఆ కుటుంబం ఆరాధనకు వెళ్లే సంఘాన్ని శాండిమేనియన్లు అనేవారు. పద్దెనిమిదో శతాబ్దంలో స్కాట్లాండు అధికార సంఘం నుంచి బయటికి వచ్చిన జాన్ గ్లాస్ అనే బోధకుడితో మొదలై, ఆయన అల్లుడు రాబర్ట్ శాండిమన్ పేరు మీద ఇంగ్లాండులో వ్యాపించిన చిన్న గుంపు అది. సంఘానికి రాజ్యంతో సంబంధం ఉండకూడదని వారి నమ్మకం. జీతం తీసుకునే పాదిరి ఉండడు, విశ్వాసుల్లోంచే పెద్దలను ఎన్నుకుంటారు. ప్రతి ఆదివారం కలిసి భోంచేస్తారు, దాన్ని ప్రేమవిందు అంటారు. ధనం కూడబెట్టడం తప్పు. ఏ నిర్ణయమైనా అందరూ ఏకమనస్సుతోనే తీసుకోవాలి. ఈ చివరి నియమాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి.

పదమూడో ఏట మైఖేల్ బ్లాండ్‌ఫర్డ్ వీధిలో జార్జి రిబో అనే పుస్తకాల వ్యాపారి దగ్గర పనికి కుదిరారు. మొదట పత్రికలు ఇళ్లకు చేర్చే పని, మరుసటి ఏడాది నుంచి ఏడేళ్ల ఒప్పందం మీద పుస్తకాల బైండింగు పని. పగలు కుట్టిన పుస్తకాలనే రాత్రి చదివేవారు. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో విద్యుత్తు మీద ఉన్న వ్యాసం అలా చేతికొచ్చింది. జేన్ మార్సెట్ అనే ఆవిడ రాసిన రసాయనశాస్త్ర సంభాషణలూ అలాగే. ఇంకొక పుస్తకం మనస్సును ఎలా మెరుగుపరచుకోవాలో చెప్పేది, దాని రచయిత ఐజక్ వాట్స్. ఆయన కీర్తనలు మన మందిరాల్లోనూ పాడుకుంటాం కనుక పరిచయం అక్కరలేదు. విన్నది నోటు పుస్తకంలో రాసుకో, పాఠాలు చెప్పేచోటికి వెళ్లు, తెలిసినవారికి ఉత్తరాలు రాయి, సాటివారితో చర్చించు అన్నవి వాట్స్ సలహాలు. బైండింగు కుర్రాడు వాటిని ఒక్కటీ వదలకుండా పాటించాడు. సాయంత్రాలు టేటమ్ అనే ఆయన ఇంట్లో విజ్ఞాన ప్రసంగాలు జరిగేవి, ప్రవేశానికి ఒక షిల్లింగు. కమ్మరి పనిలో ఉన్న అన్న రాబర్ట్ ఆ షిల్లింగు ఇచ్చేవాడు. తండ్రి 1810లో పోయారు.

1812 వేసవిలో ఆయన చేసిన మొదటి బ్యాటరీని మన పిల్లలు ఈ రోజు సాయంత్రమే ఇంట్లో చేసి చూడవచ్చు. అప్పటికి పన్నెండేళ్ల క్రితం, 1800లో, ఇటలీలో వోల్టా అనే పండితుడు రెండు రకాల లోహపు బిళ్లల మధ్య ఉప్పునీటిలో తడిపిన అట్టముక్క పెట్టి, అలాంటి జతలను ఒకదానిమీద ఒకటి పేర్చి, విద్యుత్తు ఎడతెగకుండా ఒకే దిశలో ప్రవహించేలా చేశారు. అంతకు ముందు గాజునో గంధకాన్నో రుద్ది పుట్టించిన విద్యుత్తు మెరుపులా చిటుక్కున వచ్చి పోయేది. ఇది కాలువలా పారింది. మనం ఏకముఖ విద్యుత్తు అని, డీసీ అని పిలిచేది దీన్నే. ఫారడే ఏడు అర్ధపెన్నీ నాణేలు, వాటి సైజులో కత్తిరించిన ఏడు జింకు బిళ్లలు, ఉప్పునీటిలో తడిపిన ఆరు కాగితపు ముక్కలు పేర్చారు. ఒక్కో జత ఇచ్చేది ఒక వోల్టు లోపే. శ్రేణిలో పెడితే వోల్టులు కలుస్తాయి కనుక, మొత్తం మీద మూడు నాలుగు టార్చిలైటు సెల్లులకు సమానం. రెండు తీగలను ఎప్సమ్ ఉప్పు కలిపిన నీటిలో ముంచితే అది విచ్ఛిన్నం కావడం ఆయన కళ్లారా చూశారు. స్నేహితుడికి రాసిన ఉత్తరంలో ఆ సంతోషం పట్టలేకపోయారు.

మన కృష్ణా పశ్చిమ డెల్టాలో ఈ సంగతి అర్థం చేసుకోవడం తేలిక. కాలువలో నీరు పారాలంటే ఎగువకూ దిగువకూ ఎత్తులో తేడా ఉండాలి, ఆ తేడాయే వోల్టేజి. ఎంత నీరు పారుతున్నదో అది ప్రవాహం. తూడు, గుర్రపుడెక్క పెరిగి అడ్డుపడితే అది నిరోధం. అయితే ఒక తేడా ఉంది. చివరి పొలంలో పడ్డ నీళ్లు తిరిగి రావు. విద్యుత్తు మాత్రం బయలుదేరిన చోటికి తిరిగి చేరే దారి పూర్తిగా ఉంటేనే కదులుతుంది, ఎక్కడ తెగినా మొత్తం ఆగిపోతుంది. ఇంకొకటి, బ్యాటరీ లోపల కూడా కొంత నిరోధం ఉంటుంది. ఫారడే కాగితాలు ఆరిపోయేకొద్దీ ఆ లోపలి నిరోధం పెరిగి ప్రవాహం సన్నగిల్లేది. పరీక్షలో అంతర్నిరోధం లెక్క వస్తే ఆ ఆరిపోతున్న కాగితాన్ని తలచుకుంటే చాలు.

ఆ ఏడాదే రిబో కొట్టుకు వచ్చే ఒకాయన రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ప్రసంగాలకు టికెట్లు ఇచ్చారు. ఫారడే నాలుగు ప్రసంగాలు విని, అన్నీ రాసుకుని, బొమ్మలు వేసి, తన చేత్తోనే బైండు చేసి డేవీకి పంపారు. పని ఏదైనా ఉంటే ఇప్పించమని అడిగారు. 1813 మార్చి 1న ప్రయోగశాలలో సహాయకుడిగా ఉద్యోగం వచ్చింది, వారానికి 25 షిల్లింగులు, మేడమీద రెండు గదులు, కొవ్వొత్తులు, బొగ్గు. సీసాలు కడిగే ఉద్యోగమే. ఆ భవనంలోనే ఆయన తరువాతి నలభై అయిదేళ్లు కాపురమున్నారు.

అదే సంవత్సరం అక్టోబరులో డేవీ దంపతులు ఐరోపా పర్యటనకు బయలుదేరారు. ఫ్రాన్సుతో యుద్ధం జరుగుతున్నది, డేవీ సొంత సేవకుడు రానన్నాడు. దారిలో ఇంకొకరు దొరికేదాకా ఆ పని కూడా చూడమని ఫారడేను అడిగారు. ఇంకొకరు ఎప్పటికీ దొరకలేదు. శ్రీమతి డేవీ ఆయనను నౌకరుగానే చూశారు, నౌకర్ల దగ్గరే తినమన్నారు. జెనీవాలో ఆతిథ్యమిచ్చిన పండితుడు ఈ కుర్రాణ్ణి తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకోబోతే డేవీయే అభ్యంతరం చెప్పారంటారు. వేరే పంక్తి అంటే ఏమిటో మన పల్లెల్లో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. ఫారడే వెనక్కి వచ్చేద్దామనుకున్నారు, రాలేదు. ప్యారిస్‌లో ఆంపియర్‌ను, మిలాన్‌లో ముసలివాడైన వోల్టాను చూశారు. వోల్టు, ఆంపియరు అని ఇప్పుడు మన నోట నలిగే పేర్లు గల ఇద్దరు మనుషులను, ఫారడు అని తరువాత తన పేరే ఒక కొలతకు పెట్టబడే మనిషి, నౌకరు హోదాలో కలుసుకున్నాడు.

1821 జూన్ 12న శారా బార్నార్డ్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆమె కూడా ఆ సంఘపు పిల్లే. ఆశ్చర్యమేమిటంటే, పుట్టినప్పటి నుంచి ఆ సంఘంలో పెరిగినా అప్పటిదాకా ఫారడే సభ్యుడు కాదు. పెళ్లయిన నెలకు, జూలై 15న, సంఘం ఎదుట నిలబడి తన విశ్వాసాన్ని ఒప్పుకుని సభ్యత్వం తీసుకున్నారు. భార్యకు ముందుగా చెప్పలేదట. ఎందుకు చెప్పలేదని అడిగితే అది తనకూ దేవునికీ మధ్య సంగతి అన్నారని చెబుతారు. వారికి పిల్లలు కలగలేదు.

ఆ సంవత్సరమే సెప్టెంబరులో, పాదరసం నింపిన గిన్నెలో నిలబెట్టిన అయస్కాంతం చుట్టూ, విద్యుత్తు పారుతున్న తీగ గిరగిర తిరిగేలా చేశారు. బ్యాటరీ శక్తిని కదలికగా మార్చిన మొదటి పరికరం అది. ఈ రోజు మన పొలాల్లో నీళ్లు తోడే మోటార్ల వంశవృక్షం వేరు అక్కడుంది. కానీ ఆ విజయం ఆయనకు కన్నీళ్లనే తెచ్చింది. వొలాస్టన్ అనే పెద్ద పండితుడు, డేవీతో కలిసి, దాదాపు అలాంటిదే ప్రయత్నించి ఉన్నారు. ఫారడే తొందరపడి ఆయన పేరు ప్రస్తావించకుండా అచ్చువేయించారు. దొంగతనం చేశాడని గుసగుసలు మొదలయ్యాయి. వొలాస్టన్ ప్రయోగం వేరు, ఫారడేది వేరు, అందులో దొంగతనమేమీ లేదు. కానీ అనుమతి అడిగి, పేరు చెప్పి ఉండవలసిందని ఆయనే తరువాత ఒప్పుకున్నారు. నా మట్టుకు నాకు ఆయన పొరపాటు చిన్నదే అనిపిస్తుంది, దానికి పడిన శిక్షే పెద్దది. 1824లో రాయల్ సొసైటీ సభ్యత్వానికి ఓటింగు జరిగినప్పుడు ఒక్క వ్యతిరేక ఓటు పడింది. సొసైటీ అధ్యక్షుడిగా ఉన్న డేవీ ముందునుంచీ ఆ ఎన్నికకు అడ్డుపడుతూనే ఉన్నారు. తనను చేరదీసిన మనిషి గురించి ఫారడే జీవితాంతం చెడ్డగా మాట్లాడలేదు.

1831 ఆగస్టు 29న చేసిన ప్రయోగం అందరికీ తెలిసినదే, క్లుప్తంగా చెబుతాను. ఇనుప కడియానికి రెండు వైపులా రెండు తీగచుట్లు చుట్టారు. ఒకదానికి బ్యాటరీ కలిపితే రెండోదానిలో ముల్లు కదులుతుందా అని చూశారు. కలిపిన క్షణంలో కదిలింది, తీసిన క్షణంలో కదిలింది. మధ్యలో ప్రవాహం నిలకడగా ఉన్నంతసేపూ కదలలేదు. విద్యుత్తు పుట్టాలంటే మార్పు జరగాలని ఆయన గ్రహించారు. ట్రాన్స్‌ఫార్మరు డీసీకి ఎందుకు పనిచేయదని పరీక్షలో అడిగే ప్రశ్నకు జవాబు ఇదే. రెండు నెలలు తిరక్కముందే, అక్టోబరు 28న, పెద్ద అయస్కాంతం ధ్రువాల మధ్య రాగి పళ్లెం తిప్పి, ఇరుసు దగ్గరొకటి, అంచు దగ్గరొకటి తీగలు తాకించి, ఆగకుండా ఒకే దిశలో ప్రవహించే విద్యుత్తును తీశారు. రసాయనాలు లేకుండా డీసీ పుట్టించిన మొట్టమొదటి యంత్రం అది.

1833, 34 సంవత్సరాల్లో మరో పని చేశారు. రుద్దితే పుట్టేది, బ్యాటరీలో పుట్టేది, అయస్కాంతంతో పుట్టేది, వేడితో పుట్టేది, కొన్ని చేపల ఒంట్లో పుట్టేది, ఇవన్నీ వేర్వేరు విద్యుత్తులని కొందరు అనుకునేవారు. అన్నీ ఒకటేనని ఓపికగా రుజువు చేశారు. తరువాత ద్రావణాల గుండా విద్యుత్తును పంపి, ఎంత విద్యుత్తు ప్రవహిస్తే అంత పదార్థం విడిపోతుందని కొలిచి చూపారు. నగలకు పూత పోసేవాళ్లు ఈ రోజుకీ ఆ లెక్క మీదే ఆధారపడతారు. కెమిస్ట్రీ పుస్తకంలో ఒక ఫారడే అంటే సుమారు 96,500 కూలుంబులని చదువుతాం కదా, ఆ లెక్కకు మూలం ఇక్కడే. కొత్త సంగతులకు కొత్త పేర్లు కావలసి వస్తే కేంబ్రిడ్జిలోని విలియం హ్యూవెల్‌ను అడిగారు, ఆయన అభిషేకం పొందిన పాదిరి కూడా. ఆనోడు, కాథోడు, అయాను అనే మాటలు అలా పుట్టాయి.

ఇన్ని చేసిన మనిషికి లెక్కలు రావు. బీజగణితం సమీకరణం ఒక్కటి కూడా ఆయన రాతల్లో వెతికినా కనిపించదు. జర్మన్ భాషా రాదు. అందువల్ల 1827లోనే జర్మనీలో బడిపంతులు గెయోర్గ్ ఓమ్ అచ్చువేసిన నియమం చాలాకాలం ఆయనకు అందుబాటులోకి రాలేదు. ఓమ్ కూడా మన వాడలాంటి ఇంటి నుంచి వచ్చినవాడే, తాళాలు చేసే పనివాడి కొడుకు. స్వదేశంలో చాలామంది పెదవి విరిచిన ఆ నియమానికి 1841లో లండను రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది. ఇక వీట్‌స్టన్ బ్రిడ్జి పేరు గల చార్లెస్ వీట్‌స్టన్ ఫారడేకు స్నేహితుడు. నలుగురిలో మాట్లాడాలంటే వణికేవాడు, ఆయన పరిశోధనలను కూడా ఫారడేయే వేదిక మీద చెప్పి పెట్టేవారు. ఆ బ్రిడ్జిని ముందు కనిపెట్టింది క్రిస్టీ అనే ఇంకొకాయన, వీట్‌స్టన్ ఆ సంగతి దాచలేదు. పేరు మాత్రం మారలేదు.

డబ్బు సంగతి. 1830లో బయటి కంపెనీల పనుల ద్వారా ఆయనకు వెయ్యి పౌండ్లు వచ్చాయని, తరువాత ఆయన స్థానంలోకి వచ్చిన టిండాల్ రాశారు. మరుసటి ఏడాది నుంచి ఆ పనులు దాదాపుగా మానేశారు. కోటీశ్వరుడయ్యే దారి ఎదురుగా ఉండగా పరిశోధనలోనే ఉండిపోయారు. భూమ్మీద ధనం కూర్చుకోవద్దని కొండమీది ప్రసంగంలో ప్రభువు చెప్పినదాన్ని ఆ సంఘం ఉన్నదున్నట్టు తీసుకునేది. 1832లో పరిచారకుడిగా, 1840లో పెద్దగా ఆయనను ఎన్నుకున్నారు. మన తెలుగు నేలకు శామ్యూల్ డే నెల్లూరు వచ్చింది అదే 1840లో, ఫాదర్ హయ్యర్ గుంటూరు చేరింది 1842లో. ఆ రోజుల్లో లండనులోని పాల్స్ ఆలీ అనే సందులో, తన వృత్తిలో ఐరోపా అంతటా పేరు మోసిన ఈయన, బీద విశ్వాసుల ఇళ్లకు నడిచి వెళ్లేవారు, రోగులను చూసేవారు, ప్రసంగించేవారు. రాయల్ ఇన్‌స్టిట్యూషన్ వేదిక మీద మంత్రముగ్ధులను చేసే వక్త, మందిరంలో మాత్రం వచనం తరువాత వచనం చదువుతూ సొంత మాట వీలైనంత తగ్గించేవారట.

ఇప్పుడు ఆ కథకు వస్తాను. 1844 మార్చి 31న సంఘం ఆయనను వెలివేసింది. ఇది నిజం. పెద్దరికం పోయింది, ప్రభు బల్లకు దూరమయ్యారు. కానీ రాణిగారి విందు వల్లనే అనడానికి ఆధారం లేదు. ఆ విందు కథ ఆయన పోయిన తరువాత పుట్టి నోటినుంచి నోటికి పాకింది. ఆ రోజుల్లో ఆయన ఒక్కరినే కాదు, మరికొందరిని కూడా సంఘం వెలివేసింది. సంఘ క్రమశిక్షణ గురించి లోపల పెద్ద తగాదా జరిగిందనీ, అందరూ ఏకమనస్సుతో ఉండాలన్న నియమం దగ్గర ఆయన చిక్కుకున్నారనీ పరిశోధకుల అంచనా. అంటే మన సంఘాల్లో జరిగే తగాదాల్లాంటిదే. రాణిగారి బల్ల కాదు, సొంత సహోదరుల మధ్య చీలిక.

ఈ సంగతి చదివినప్పుడు నాకు సిగ్గేసింది. విందు కథలో ఒక సుఖం ఉంది. లోకం ఒకవైపు, సంఘం ఒకవైపు, మధ్యలో తప్పు చేసిన విశ్వాసి. వెలివేసినవాళ్లు ఎప్పుడూ ఒప్పే. కాపరులకు ఆ కథ బాగా పనికొస్తుంది, అందుకే దాన్ని పాతికేళ్లు పరిశీలించకుండా వాడాను. నిజంగా జరిగినదానిలో ఎవరిది ఒప్పో అంత తేలిగ్గా తేలదు. విద్యుత్తు వల్ల ఉపయోగమేమిటని మంత్రిగారు అడిగితే రేపు పన్ను వేసుకోవచ్చని ఫారడే జవాబు చెప్పారన్న కథ కూడా ఇలాంటిదే, దానికీ గట్టి ఆధారం లేదు. తరువాతి ఆదివారం ఆ కుర్రాణ్ణి పిలిచి, నేను చెప్పిన కథ తప్పని చెప్పాను. వాడు నవ్వలేదు. మరి ఆయన వేరే సంఘానికి ఎందుకు వెళ్లలేదని అడిగాడు.

వెళ్లవచ్చు. ఇంగ్లాండులో ఏ సంఘమైనా ఆయనను కళ్లకద్దుకుని చేర్చుకునేది. కొత్తది తానే పెట్టినా జనం వచ్చేవారు. మన మండలాల్లో అయితే మరుసటి ఆదివారానికే ఎదురు వీధిలో కొత్త బోర్డు వెలుస్తుంది, అది మనందరికీ తెలిసిన సంగతే. ఫారడే సహోదరుల ఎదుట ఒప్పుకుని, మళ్లీ చేర్చుకోమని అడిగారు. అయిదు వారాల తరువాత మే నెలలో చేర్చుకున్నారు. రెండోసారి వెలిపడితే ఇక తిరిగి చేర్చుకోరన్నది ఆ సంఘపు కట్టుబాటు, ఆ భయంతోనే మిగతా జీవితమంతా బతికారు. పోయిన పెద్దరికం మాత్రం పదహారేళ్ల దాకా రాలేదు. ఆ పదహారేళ్లూ ఆయన మామూలు సభ్యుడిగా బల్లల మీద కూర్చున్నారు.

ఆ మధ్యకాలంలో చేసిన పనులు తక్కువవి కావు. 1845 సెప్టెంబరులో, వెలివేత ముగిసి ఏడాదిన్నర కూడా కాకముందే, అయస్కాంతం వెలుతురు కిరణాన్ని మెలితిప్పుతుందని చూపించారు. విద్యుత్తు, అయస్కాంతం, వెలుతురు ఒకే కుదురువని ఆయన చాలా కాలంగా నమ్ముతూ వచ్చారు. సృష్టి అంతా ఒక్కరి చేతిపని గనుక దానిలోని శక్తులు కూడా ఒకదానికొకటి బంధువులై ఉండాలన్నది ఆ నమ్మకానికి ఒక ఆసరా. అయితే ఆయన మందిరంలో శాస్త్రం ప్రసంగించలేదు, ప్రయోగశాలలో వాక్యాన్ని రుజువుగా చూపలేదు. ముల్లు కదలకపోతే కదలలేదనే రాసుకునేవారు. 1853లో లండనంతా బల్లలు వాటంతటవే కదులుతున్నాయనీ ఆత్మలు వస్తున్నాయనీ ఊగిపోతుంటే, చిన్న పరికరం తయారుచేసి, బల్లను కదిపేది చుట్టూ కూర్చున్నవాళ్ల చేతులేనని చూపించారు. వాళ్లకు తెలియకుండానే కదుపుతున్నారు, మోసం చేయాలని కాదు. దయ్యాల పేరుతో, స్వస్థతల పేరుతో సభలు నడిపేవాళ్లు మనలోనూ ఉన్నారు గనుక ఈ సంగతి రాస్తున్నాను.

రాయల్ సొసైటీ అధ్యక్ష పదవిని రెండుసార్లు వద్దన్నారు. లెక్కలు వచ్చిన స్కాట్లాండు యువకుడు జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్, ఆయన గీసిన బలరేఖలను సమీకరణాలుగా మార్చడం మొదలుపెట్టినప్పుడు, అది తనకు అర్థమయ్యే మామూలు మాటల్లో కూడా చెప్పవచ్చు కదా అని ముసలాయన ఉత్తరం రాశారు.

1830ల చివరి నుంచే ఆయనను జ్ఞాపకశక్తి మోసగించడం మొదలుపెట్టింది. ముందురోజు చేసిన ప్రయోగం మరచిపోయి మళ్లీ చేసేవారు. అందుకే రోజూ చేసిన ప్రతిదానికీ అంకె వేసి రాసుకునే అలవాటు ఆయనకు ఊతకర్ర అయింది. 1860లో సంఘం మళ్లీ పెద్దగా ఎన్నుకుంది. ఆ చలికాలంలోనే క్రిస్మసు సెలవుల్లో పిల్లలకు కొవ్వొత్తి గురించి పాఠాలు చెప్పారు, అవే ఆయన చెప్పిన చివరి క్రిస్మసు పాఠాలు. 1864లో బలహీనత వల్ల పెద్దరికం తనే వదులుకున్నారు. మాట తడబడేది, ఉత్తరం రాస్తూ రాస్తూ పదం దొరక్క చించేసి మళ్లీ మొదలుపెట్టేవారు. రాణిగారు హాంప్టన్ కోర్టులో ఇచ్చిన ఇంట్లో శారా ఆయనను చూసుకున్నారు. కిటికీ దగ్గర కూర్చుని పొద్దుగుంకడం చూసేవారు.

1867 ఆగస్టు 25న కుర్చీలో కూర్చునే కన్నుమూశారు. న్యూటన్ పక్కన, వెస్ట్‌మినిస్టర్ ఆలయంలో చోటు దొరికే మనిషి, అయినా తనకు ఆడంబరం లేని సమాధి చాలని ముందే చెప్పిపెట్టారు. లండనులో హైగేట్ స్మశానంలో, అధికార సంఘానికి చెందనివాళ్లకు కేటాయించిన భాగంలో కుటుంబంవాళ్లు సమాధి చేశారు. 1879లో శారాను కూడా అక్కడే ఉంచారు. రాతి మీద ఆయన పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ ఉన్నాయి. విద్యుత్తు గురించి ఒక్క మాట కూడా లేదు.